బీర సాగు: పిందె పోయేది దిష్టికి కాదు, ఈగకు

కళ్యాణదుర్గం దగ్గర అరెకరంలో పందిరి వేసి బీర పండిస్తున్నాను. తోటకు వచ్చిన ప్రతి ఒక్కరూ చెప్పేది ఒకటే: "పిందెను వేలితో చూపించొద్దు, కుళ్లిపోతుంది."

పిందె పోవడం నిజమే, వేలు మాత్రం కారణం కాదు. పెరగకుండానే పసుపుపచ్చగా మారి రాలితే పుప్పొడి అందలేదన్నమాట. కాస్త పెరిగాక వంకర తిరిగి మెత్తబడితే కోసి చూడండి, లోపల తెల్లటి పురుగులు కనిపిస్తాయి. అవి పండు ఈగ పిల్లలు. మా జేజి దిష్టికని పందిరికి కట్టిన పాత చెప్పు ఇంకా అట్లే ఉంది. నేను తీయలేదు, దాని పక్కనే ఈగలను ఎరతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్ట కట్టాను.

ఆ బుట్టల్లోనూ ఒక అపోహ ఉంది, తొలి ఏడాది నేనూ అందులోనే పడ్డాను. మామిడి తోటకు వాడేవే తెచ్చి కట్టాను. బుట్టలు ఖాళీ, కాయలు కుళ్లు! మామిడి ఈగకు మిథైల్ యూజినాల్ ఎర, తీగ కూరగాయల ఈగకు క్యూ లూర్ ఎర. కొనేటప్పుడు పంట పేరు చెప్పి అడగండి. అయినా వీటిలో పడేది మగ ఈగలే కాబట్టి బుట్ట కట్టి నిశ్చింతగా కూర్చోలేం. కుళ్లిన కాయలను గట్టు మీద పడేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై లేస్తుంది. ఏరి లోతుగా పూడ్చాలి.

"ముందు వచ్చేవన్నీ ఉత్త పూలు, గిల్లేయాలి" అంటారు. గిల్లకండి, అవి మగపూలు, ముందు రావడం బీర స్వభావం. పువ్వు కింద బుల్లి కాయ ఉంటే అది ఆడపువ్వు. మన ఎండలకు మగపూలు ఇంకా ఎక్కువవుతాయి. మొక్క రెండు నుంచి నాలుగు ఆకులతో ఉన్నప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి కొడితే ఆడపూలు పెరుగుతాయి. పూత నిండుగా వచ్చాక కొట్టి లాభం లేదు.

మందు సాయంత్రమే కొట్టాలన్నది కాకరకు సరిపోతుంది. బీర పూలు విచ్చుకునేదే సాయంత్రం, తేనెటీగలు వచ్చేదీ అప్పుడే. నేను మాత్రం పొద్దున పూలు వాడాక, ఎండ ముదరక ముందే కొడతాను. బూడిద తెగులుకని గంధకం జోలికి పోకండి, ఆకులు మాడతాయి.

పక్కన కాకర వేస్తే బీర చేదెక్కుతుందనేది ఉత్త మాట, ఆ రెండూ సంకరం కావు. బీరలో చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థం. సొరలోనూ అంతే, ఆ పదార్థం ఒంటికి విషం. ముక్క నాలుకకు తగిలించి చూసి, చేదుంటే ఉమ్మేసి కాయంతా పారేయండి. ఉడికించినా ఆ చేదు పోదు.