వేళ్ల పొడవు, క్యాన్సర్: అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో మా ఓపీకి వచ్చేవాళ్లు ఈమధ్య రిపోర్టుల కంటే ముందు చెయ్యి చాపుతున్నారు. వేళ్ల పొడవును బట్టి క్యాన్సర్ వస్తుందో రాదో చెప్పొచ్చంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న లెక్కే దీనికి కారణం. చాలామంది నిజంగా భయపడి వస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఉంగరం వేలు చూపుడు వేలి కంటే పొడుగైతే ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ వస్తుంది.

ఈ మాట ఊరికే పుట్టలేదు. తల్లి కడుపులో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ప్రభావం ఎక్కువగా ఉంటే ఉంగరం వేలు కాస్త పొడుగవుతుందని బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ మానింగ్ 1998 నుంచి చెబుతున్నారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌ను పెంచేది మగ హార్మోన్లేనని అమెరికా వైద్యుడు చార్లెస్ హగ్గిన్స్ 1941లోనే చూపించి, 1966లో నోబెల్ అందుకున్నారు. ఈ రెండింటికీ ముడి ఉందేమోనని వెతకడం సబబే. బ్రిటన్‌లో 1,500 మందికి పైగా రోగులను, 3,000 మందికి పైగా ఆరోగ్యవంతులను పోల్చి చూస్తే, చూపుడు వేలు పొడుగ్గా ఉన్నవాళ్లలో ఈ క్యాన్సర్ ముప్పు మూడోవంతు తక్కువని తేలింది. 2010 చివర్లో వచ్చిన ఆ వార్తే ఇప్పటికీ తిరుగుతోంది.

అయితే అందులో వేళ్లను స్కేలుతో కొలవలేదు. బొమ్మలు చూపించి, మీ చెయ్యి వీటిలో దేనిలా ఉందని అడిగారు, అంతే. ఆ తర్వాత మెల్‌బోర్న్‌లో చేసిన అధ్యయనంలో మొత్తమ్మీద సంబంధం కనబడలేదు, 60 ఏళ్లలోపు వాళ్లలో మాత్రం కొంత జాడ ఉంది. పైగా చూపుడు, ఉంగరం వేళ్ల పొడవుల నిష్పత్తిలో ఆడామగా మధ్య తేడా కంటే జాతుల మధ్య తేడా ఎక్కువ. అక్కడి లెక్కను తెచ్చి మన తెనాలి రైతు చేతికి అతికించలేం. ఉంగరం వేలు పొడుగ్గా ఉన్న మగవాళ్లు కోకొల్లలు, వాళ్లలో అత్యధికులకు ఈ జబ్బు రాదు. నేను అడిగేది వయసు, నాన్నకో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉందా అన్నది. ఉంటే 45 నుంచి, లేకపోతే 50 నుంచి పీఎస్ఏ అనే రక్తపరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడండి.

అపోహ: చూపుడు వేలు పొడుగు, కాబట్టి నాకు ఏ క్యాన్సర్ భయమూ లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. రొమ్ములో గడ్డ తగిలిన అమ్మ వేళ్లు చూసుకుని ఊరుకుంటే నష్టపోయేది ఆమే. గడ్డ చేతికి తగిలితే ఆ వారంలోనే చూపించుకోవాలి.

అపోహ: అయితే వేళ్లలో చూడాల్సిందేమీ లేదు.

ఉంది, పొడవులో కాదు, గోళ్లలో. రెండు చేతుల ఉంగరం వేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనించండి. మామూలుగా వాటి మొదట్లో వజ్రాకారంలో చిన్న సందు కనబడుతుంది. వేలి చివర ఉబ్బి, గోరు చిలకముక్కులా వంగితే ఆ సందు మూసుకుపోతుంది. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్‌రాత్ తన గుండెకు ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు సొంత వేళ్ల మీదే దీన్ని గమనించి 1976లో రాశారు. ఊపిరితిత్తుల జబ్బులు, పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు, కాలేయ జబ్బు ఇలా చాలావాటిలో గోళ్లు మారతాయి. కొన్ని కుటుంబాల్లో జబ్బేమీ లేకుండానే అలా ఉంటాయి. కానీ బీడీ, చుట్ట తాగేవాళ్లకు వచ్చే ఆయాసం ఒక్కదానివల్లే గోళ్లు ఇలా మారవు. అందుకే పొగ తాగే మనిషికి కొత్తగా గోళ్లు ఉబ్బితే ఊపిరితిత్తుల క్యాన్సరేమోనని నేను ఛాతీ ఎక్స్‌రేతో ఆగను, సీటీ స్కాన్ తీయిస్తాను. కఫం పరీక్షలో ఏమీ తేలకపోయినా టీబీ మందులు వాడుతూ నెలలు గడిపేసిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు మన దగ్గర తక్కువేం కాదు.

గుట్కా, వక్క నమిలేవాళ్లకు ఇంకో పరీక్ష. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ కలిపి నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే బుగ్గల లోపలి పొర బిగుసుకుపోతోందేమోనని అనుమానించాలి. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. పొగాకు కలపని ఉత్త వక్క కూడా క్యాన్సర్ కారకమే. కారం తగిలితే నోరు మండుతున్నా, తెల్లమచ్చ ఉన్నా, రెండు వారాలు దాటినా మానని పుండు ఉన్నా ఆలస్యం చేయొద్దు. 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోటి పరీక్ష ఉచితంగా చేస్తారు. మీ వీధి ఆశా కార్యకర్తను అడిగితే ఎప్పుడు వెళ్లాలో చెబుతారు.