చిత్రాల వేలం, ఆఫ్రికా అనాథ బాలలు: ఒక పాత బంధం

ఆఫ్రికాలోని అనాథ పిల్లల కోసం చిత్రాలను వేలం వేసి నిధులు సేకరించే ఆనవాయితీకి మూలాలు 18వ శతాబ్దపు లండన్‌లో కనిపిస్తాయి. వీధుల్లో వదిలేసిన పసికందులను చూసి చలించిన నావికుడు థామస్ కోరమ్, ఏళ్ల తరబడి పెద్దల గుమ్మాలెక్కి దిగి, 1739లో రాజుగారి అనుమతి సంపాదించి ఫౌండ్లింగ్ హాస్పిటల్‌ను నెలకొల్పాడు. పేరులో హాస్పిటల్ అని ఉన్నా అది పిల్లలను పెంచే ఆశ్రమం. చిత్రకారుడు విలియం హోగార్త్ దానికి తన చిత్రాలిచ్చి, తోటి చిత్రకారుల చేతా ఇప్పించాడు. వాటిని చూడవచ్చిన సంపన్నులు దాతలయ్యారు. 1750లో ఆయన తన పెద్ద చిత్రమొకటి లాటరీకి పెట్టి, మిగిలిపోయిన 167 టికెట్లను ఆశ్రమానికి ఇచ్చేయగా, ఆ చిత్రం ఆశ్రమానికే దక్కింది. అయితే అక్కడ పెరిగిన పిల్లల్లో చాలామందికి తల్లులు ఉన్నారు. పేదరికం వల్లనో, లోకనిందకు వెరచో బిడ్డను అప్పగించి, ఎప్పటికైనా తిరిగి వస్తే గుర్తుపట్టడానికి ఒక గుడ్డముక్కో నాణెమో అక్కడ వదిలి వెళ్లినవారు వాళ్లు.

ఆఫ్రికా విషయంలోనూ ఈ సంగతి మరువరాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరిని కోల్పోయినా ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ ఆ బిడ్డను అనాథగానే లెక్కిస్తుంది. ఎయిడ్స్ వల్ల సహారా దిగువ దేశాల్లో అలాంటి పిల్లల సంఖ్య 2005 నాటికి సుమారు 1 కోటి 20 లక్షలకు చేరింది. వారిలో అత్యధికులను సాకింది ఆశ్రమాలు కావు. అవ్వలు, మేనత్తలు, పినతల్లులు.

ఆ విషాదానికి స్పందనగా జరిగిన వేలాల్లో ప్రసిద్ధమైనది 2008 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లోని సదబీస్ అనే వేలం సంస్థలో జరిగింది. గాయకుడు బోనో, చిత్రకారుడు డేమియన్ హర్స్ట్ కలిసి నిర్వహించిన ఆ వేలంలో దాదాపు 4 కోట్ల 26 లక్షల డాలర్లు వచ్చాయి. హెచ్‌ఐవీ మందుబిళ్లలను వరుసగా పేర్చి హర్స్ట్ చేసిన అలమర ఒక్కటే 71 లక్షల డాలర్లు దాటింది. ఆ రాబడిని ఆశ్రమ భవనాలకు కాక, ఆఫ్రికాలో ఎయిడ్స్ నివారణ, చికిత్స కార్యక్రమాలకు కేటాయించారు. నా దృష్టిలో ఆ వేలం విశేషం వచ్చిన ధరలకన్నా ఈ కేటాయింపులోనే ఉంది, ఎందుకంటే తల్లిదండ్రులు బతికితే బిడ్డ అనాథ కాడు. అంతకు కొన్నేళ్ల ముందు ఒక రోగికి ఏడాదికి 10,000 డాలర్లకు పైగా ఖర్చయ్యే హెచ్‌ఐవీ మందులను 2001లో భారతీయ సంస్థ సిప్లా 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించింది. ఆ తర్వాత ఆఫ్రికాకు వెళ్లిన చౌక మందుల్లో హైదరాబాద్‌కు చెందిన అరబిందో, హెటెరో సంస్థలవీ ఉన్నాయి.

దానధర్మాలు ఆశ్రమానికే చేరినప్పుడు మరో చిక్కు ఉంది. ఇలాంటి సంస్థల్లో ఉంటున్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో ఉన్నారని బాలల కోసం పనిచేసే సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో తెలిపింది. తిండి, చదువు దొరికేది అక్కడే అయితే పేద తల్లి బిడ్డను అక్కడికే పంపుతుంది. నిధులు తలల లెక్కన వస్తే, పిల్లలను ఇంటికి పంపడం ఆశ్రమానికే నష్టమవుతుంది. అందుకే చిత్రం కొనే దాత, ఆ సొమ్ము బిడ్డను ఇంట్లో నిలుపుతుందా, ఇంటికి దూరం చేస్తుందా అని ముందే అడగాలి. 1994 మారణహోమం తర్వాత ఆశ్రమాలు పెరిగిన రువాండా, 2012 నుంచి పిల్లలను తిరిగి కుటుంబాల్లోకి చేర్చే జాతీయ కార్యక్రమం చేపట్టింది.

కెన్యాలో వైద్యుడు కూడా అయిన క్రైస్తవ గురువు ఏంజెలో డి అగోస్టినో 1992లో నైరోబీలో హెచ్‌ఐవీ సోకిన పిల్లల కోసం న్యుంబాని అనే ఆశ్రమాన్ని స్థాపించాడు. స్వాహిలీలో ఆ మాటకు ఇల్లు అని అర్థం. తొలి ఏళ్లలో ఆ పిల్లలకు ప్రశాంతమైన మరణం అందించడమే చేయగలిగిన సేవగా ఉండేది. మందులు అందాక వాళ్లు బతికి పెద్దవాళ్లు కాసాగారు. 2006లో అదే సంస్థ కిటుయి ప్రాంతంలో ఒక ఊరినే కట్టింది. అక్కడ బిడ్డలను పోగొట్టుకున్న అవ్వాతాతలు తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలను ఒకే కప్పు కింద పెంచుతున్నారు.