మగవాడి రక్తంలో గర్భిణి హార్మోన్

తిరుపతిలో ఒక కాలేజీ హాస్టల్ కుర్రాడు చీటీ మీద రాసిచ్చిన ప్రశ్న ఇది: “సార్, ఒక పక్క బీజం గట్టిపడింది. నొప్పి లేదు. వరిబీజమేనా?”

నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ప్రమాదం. వృషణాల క్యాన్సర్ మన దేశంలో అరుదే గానీ, వస్తే ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల లోపే వస్తుంది. మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. ఇంట్లో చెప్పడానికి సిగ్గు. ఎవరో చెప్పిన ఆకు కట్టు కట్టుకుని నెలలు గడిపేస్తారు. బయాలజీలో పునరుత్పత్తి పాఠాన్ని “మీరే చదువుకోండి” అని దాటేసే మాస్టార్లంటే నాకు నిజంగా కోపం.

వేడినీళ్ల స్నానం తర్వాత రెండు చేతుల వేళ్ల మధ్య మెల్లగా దొర్లించి చూసుకోవాలి. వెనక మెత్తటి తాడులా తగిలేది అందరికీ ఉండేదే. బీజం మీదే శనగగింజంత గట్టి గడ్డ తగిలినా, ఒక పక్క బరువెక్కినా స్కానింగ్ చేయించాలి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి యూరాలజీ ఓపీలో ఇలాంటివి రోజూ చూసేవాళ్లే ఉంటారు. వరిబీజమైతే టార్చి వెలుగు నీటిలోంచి అవతలికి కనిపిస్తుంది. కానీ కొందరిలో క్యాన్సర్ గడ్డ చుట్టూ కూడా నీరు చేరుతుంది కాబట్టి టార్చిని నమ్ముకోకూడదు.

ఇక నన్ను ఎప్పటికీ వదలని సంగతి రక్తపరీక్ష. ఈ క్యాన్సర్లలో దాదాపు 95 శాతం వీర్యకణాలకు మూలమైన బీజకణాల నుంచే పుడతాయి. పిండాన్నీ, దాని చుట్టూ ఉండే పొరలనూ తయారుచేసే విద్య ఆ జాతి కణాల్లో దాగి ఉంటుంది. దారి తప్పిన కణాలు ఆ విద్యనే వేళకాని వేళ బయటికి తీస్తాయి. కొన్ని మాయ (ప్లాసెంటా)లా ప్రవర్తించి గర్భిణి హార్మోన్ హెచ్‌సీజీని వదులుతాయి. కొన్ని పిండం పక్కనుండే సొనసంచిలా మారి ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. ఆ హెచ్‌సీజీ వల్లే కొందరు మగవాళ్లకు ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండు గీతలు పడతాయి. గీత పడలేదని క్యాన్సర్ లేదనుకోవడం మాత్రం తప్పు. ఈ క్యాన్సర్లలో సెమినోమా అనే రకంలో ఏఎఫ్‌పీ పెరగదు, హెచ్‌సీజీ కూడా చాలామందిలో మామూలుగానే ఉంటుంది.

గజ్జ దగ్గర కోసి ఆ బీజాన్ని తీసేశాక అసలు లెక్క మొదలవుతుంది. హెచ్‌సీజీ సుమారు ఒకటిన్నర రోజుకు, ఏఎఫ్‌పీ 5 నుంచి 7 రోజులకు సగమవ్వాలి. ఏఎఫ్‌పీ 640 ఉంటే 320, 160, 80, 40, 20, 10. ఆరు మెట్లు, అంటే సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు. మధ్యలో 80 దగ్గరే ఆగిపోయిందంటే కణాలు ఇంకెక్కడో మిగిలాయని అనుమానం. ఎక్కువగా కడుపు వెనక, కిడ్నీల దగ్గరి లింఫ్ గ్రంథుల్లో వెతుకుతారు. పిండంలో బీజాలు పుట్టేది అక్కడే, కిందికి దిగినా లింఫ్ దారి పాతదే. అక్కడ మిగిలినా 1970ల నుంచి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు చాలామందిని పూర్తిగా నయం చేస్తోంది. పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మందు మొదలుకాకముందే వీర్యం భద్రపరచమని డాక్టర్‌ని అడగాలి.