‘ఈ వయసులో నీకెందుకు?’: ముసలితనం మీద అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో పెద్దవయసువాళ్ల మానసిక సమస్యలు చూస్తుంటాను. నేను ప్రశ్న అడిగేది అవ్వను, జవాబు చెప్పేది కొడుకు. దాదాపు రోజూ ఇదే.

అపోహ: పని చెప్పకుండా కూర్చోబెట్టడమే పెద్దవాళ్లకు సుఖం.

వాస్తవం: కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక అవ్వను తీసుకొచ్చారు. ‘ఏం చెప్పినా మర్చిపోతా ఉంది మేడం, ఎవరితోనూ మాట్లాడదు’ అన్నాడు కొడుకు. ఆయన్ను కాసేపు బయట కూర్చోమని, విత్తనానికి శెనక్కాయలు ఎట్లా ఒలుస్తారవ్వా అని అడిగాను. ముందుకు జరిగి కూర్చుంది. బొటనవేలితో కొనను ఎట్లా నొక్కాలో, పైపొర లేచిన గింజ ఎందుకు మొలవదో, ముడత పడినదాన్ని ఎందుకు తీసేయాలో చేతులతో చేసి చూపించింది. పావుగంట ఎక్కడా తడబడలేదు. ‘ఇప్పుడు మిషన్‌కు వేస్తాండారమ్మా, నీకెందుకు ఈ వయసులో అంటారు’ అంది.

ఆ మాట ప్రేమతో అన్నదే, నాకు తెలుసు. కానీ ఆ చేతిపనితో పాటు పక్కన కూర్చునే మనుషులూ, మాటలూ, ‘ఇది మంచిదా అవ్వా’ అని అడిగేవాళ్లూ పోయారు. పరీక్ష చేయిస్తే వినికిడి కూడా బాగా తగ్గిందని తేలింది. వినపడని మాటను గుర్తుపెట్టుకునేదెట్లా?

అపోహ: వయసైతే మతిమరుపు మామూలే, డాక్టర్ అవసరం లేదు.

వాస్తవం: ఒక పేరు తట్టడానికి కాస్త టైం పట్టడం మామూలే. రోజూ నడిచే వీధిలో దారి తప్పడం మామూలు కాదు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ కూడా మతిమరుపులాగే కనబడతాయి, వాటికి మందులున్నాయి. వినికిడి లోపం, బీపీ, షుగర్, ఒంటరితనం లాంటి 14 రిస్కులను సరిచేసుకుంటే డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది.

అపోహ: ముసలితనం గురించి మనం ఏమనుకున్నా ఒళ్లు మారదు.

వాస్తవం: అమెరికాలోని ఒహైయోలో 50 దాటిన 660 మందిని ఏళ్ల తరబడి గమనించిన సమాచారాన్ని యేల్ యూనివర్సిటీకి చెందిన బెక్కా లెవీ బృందం పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. తమ ముసలితనాన్ని మంచిగా తలచినవాళ్లు, చెడుగా తలచినవాళ్లకంటే సగటున ఏడున్నర ఏళ్లు ఎక్కువ బతికారు. తలపు ఒక్కటే ఆయుష్షు పోసిందని దీనికి అర్థం కాదు. కానీ ‘నా పని అయిపోయింది’ అనుకున్న మనిషి నడకకు పోడు, మాత్ర సరిగ్గా వేసుకోడు, నలుగురిలో కూర్చోడు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది కళ్లారా చూస్తున్నాను.

అపోహ: పెద్దవాళ్లు కొత్తవి నేర్చుకోలేరు.

వాస్తవం: నేర్చుకుంటారు, నిదానంగా. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి, లాక్కుని మీరు నొక్కకండి.

ఒక్క విషయంలో మాత్రం అస్సలు ఆలస్యం వద్దు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకట్రెండు రోజుల్లోనే తికమకగా మాట్లాడుతున్నా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా అది ముసలితనం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, రక్తంలో సోడియం పడిపోవడమో, కొత్తగా వేసుకున్న మాత్రో కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి, వేసుకునే మాత్రలన్నీ సంచిలో వేసుకుని.