పల్లీపట్టీ విరిచినట్టు ఆర్కిటిక్ మంచు

"ఆర్కిటిక్‌లో తిరిగే రష్యా ఐస్‌బ్రేకర్లలో, అంటే మంచు విరిచే ఓడల్లో, అణు రియాక్టర్లు ఉంటాయి కదండీ, ఆ వేడితోనే మంచు కరిగించి దారి చేసుకోవచ్చుగా?" అని ఒక పాఠకురాలు అడిగారు. నాకు భలే నచ్చిన ప్రశ్న. లెక్క వేసి చూద్దాం.

2020లో పనిలోకి దిగిన 'ఆర్కిటికా' ఓడ వెడల్పు 34 మీటర్లు. అది పట్టేంత దారి, 2 మీటర్ల మందం మంచులో, ఒక్క కిలోమీటరు కావాలనుకోండి. కరగాల్సిన మంచు దాదాపు 61 వేల టన్నులు. ద్రవీభవన గుప్తోష్ణం, అంటే మంచుని నీరు చేయడానికి పట్టే వేడి, గ్రాముకి 80 కెలోరీలని పదో తరగతిలో బట్టీ పట్టించారు. ఆ అంకె ఎంత మొండిదో మాత్రం ఎవరూ చూపించలేదు. ఓడలోని రెండు రియాక్టర్ల వేడి మొత్తం, అంటే 350 మెగావాట్లు, రవ్వ కూడా వృథా కాకుండా మంచుకే ఇచ్చినా 16 గంటలు పడుతుంది. ఒక్క కిలోమీటరుకి! అదే ఓడ ప్రొపెల్లర్లకి 60 మెగావాట్లు ఇస్తే చాలు, ఇంతకంటే మందమైన మంచులో కూడా అరగంటలోపే కిలోమీటరు దాటేస్తుంది.

ఎలాగంటారా? ఒక పల్లీపట్టీ తీసుకోండి. రెండు అరచేతుల మధ్య పెట్టి ఎంత నొక్కినా దానికేమీ కాదు. బల్ల అంచు మీద సగం బయటికి ఉంచి బొటనవేలితో నొక్కండి, టప్పున విరుగుతుంది. మంచుదీ అదే గుణం. నలిపితే గట్టి, వంచితే పెళుసు. అందుకే ఐస్‌బ్రేకర్ ముక్కు కత్తిలా నిటారుగా కాక ఏటవాలుగా ఉంటుంది. ఓడ మంచు అంచు మీదికి ఎక్కి తన బరువు దాని మీద మోపుతుంది. ఇక్కడ బల్ల పని నీళ్లు చేస్తాయి, మంచుని కిందనుంచి మోస్తూ. ముందు బండి చక్రం ఆకుల్లా చీలికలు పాకుతాయి, తర్వాత కాస్త దూరంలో విల్లులా అడ్డపగులు వస్తుంది. పట్టీ మందం రెట్టింపైతే బొటనవేలికి నాలుగింతల బలం కావాలి. మీటరు మంచు మూడు మీటర్లయితే తొమ్మిదింతలన్నమాట.

ఈ కిటుకుని 1864లోనే రష్యా రేవు క్రోన్‌స్టాట్‌లో మిఖాయిల్ బ్రిత్నెవ్ అనే ఓడల యజమాని పట్టుకున్నాడు. 'పైలట్' అనే చిన్న ఆవిరి ఓడ ముక్కుని సుమారు 20 డిగ్రీల వాలుకి కోయించాడు.

మంచినీటి సరస్సుల్లో పైన మంచు కట్టకుండా చూడటానికి ఇంకో పద్ధతి ఉంది. అడుగున చిల్లుల పైపు వేసి గాలి ఊదుతారు. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు, కాబట్టి ఆ కాస్త వెచ్చటి నీరు అడుగున దాక్కుంటుంది. బుడగలు దాన్ని పైకి తెస్తాయి. సముద్రంలో ఈ ఆట సాగదు. కిలోకి 25 గ్రాములకి మించి ఉప్పున్న నీరు చల్లబడేకొద్దీ, గడ్డకట్టేదాకా బరువెక్కుతూనే ఉంటుంది. అడుగున ఆ 4 డిగ్రీల నిల్వ ఏర్పడదు.

విరిచాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ముక్కల సందుల్లో నీరు చలిగాలికి మళ్లీ గడ్డకడుతుంది. ఫిన్లాండ్ రేవుల దగ్గర ఒకే దారిలో ఓడలు పదేపదే తిరిగితే ముక్కలు పేరుకుని, చుట్టూ ఉన్న చదును మంచుకంటే ఆ దారే మందమైపోతుంది. అప్పుడు పాత దారి వదిలేసి, పక్కనే ఎవరూ తాకని మంచు విరుచుకుంటూ కొత్త దారి తీస్తారు.