గురివింద గింజలో ఇరవయ్యో వంతు

అమెరికాలో శరదృతువు వచ్చి జింకల వేట మొదలవడానికి కొన్ని వారాల ముందు, చాలా ఇళ్ల గరాజుల్లో ఒక చిన్న తక్కెడ బయటికి వస్తుంది. వేటగాళ్లలో కొందరు తూటాలను దుకాణంలో కొనకుండా, ఒకసారి పేల్చిన ఇత్తడి గొట్టాలనే మళ్లీ కొలతకు తెచ్చి, వాటిలో కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత), పొగరాని తుపాకీ మందు, కొత్త బుల్లెట్ (బయటికి దూసుకెళ్లే లోహపు ముక్క) అమర్చి సొంతంగా తయారుచేసుకుంటారు. దీన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను, 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేని తూటాల తయారీని నిషేధిస్తున్నాయి కాబట్టి, మనకు ఇది చదివి తెలుసుకునే సంగతి మాత్రమే.

అక్కడ మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే పౌండులో 7,000వ వంతు, అంటే 64.8 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్లు ఉంటుంది. గరాజులోని తక్కెడ గ్రెయిన్‌లో పదో వంతును, అంటే గురివిందలో సుమారు ఇరవయ్యో వంతును పట్టి చూపుతుంది. ఇంత నిక్కచ్చిగా తూచినందువల్ల రెండు వందల గజాల దూరంలో ఉన్న జింక దగ్గర ఏమి తేడా పడుతుందో లెక్క వేసి చూడవచ్చు.

1906లో అమెరికా సైన్యం స్వీకరించి, తరువాత వేటగాళ్లకు ఎంతో ఇష్టమైన థర్టీ-ఆట్-సిక్స్ తూటానే తీసుకుందాం. దాని నుంచి 180 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో బయలుదేరి, 200 గజాలను దాదాపు పావు సెకనులో దాటుతుంది. ఆ పావు సెకనులోనూ భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. ఫలితంగా బ్యారెల్ చూపిన సరళరేఖ కంటే సుమారు 28 సెంటీమీటర్లు దిగుతుంది. మందులో పదో వంతు గ్రెయిన్ తేడా వస్తే వేగం సెకనుకు ఒకటి రెండు మీటర్లు మారుతుంది, ఆ మార్పు వల్ల దిగుడులో వచ్చే తేడా మహా అయితే ఒకటిన్నర మిల్లీమీటరు. తూటాకూ తూటాకూ మధ్య వేగం పది మీటర్లు మారినా తేడా ముప్పావు సెంటీమీటరుకు మించదు. తెల్లతోక జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం వెడల్పు 20 సెంటీమీటర్ల వరకు ఉంటుంది.

పైగా ఇలాంటి తప్పులు ఒకదానికొకటి నేరుగా కూడవు. ఒకదానితో ఒకటి సంబంధం లేని చెదుర్లు, అంటే గుండ్లు అటూ ఇటూ పడే దూరాలు, లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు కలిసి కర్ణమైనట్టు కలుస్తాయి. రైఫిల్, కాల్చేవాడి చెయ్యి కలిసి ఇప్పటికే 5 సెంటీమీటర్ల చెదురును తెస్తున్నాయనుకుంటే, దానికి ముప్పావు సెంటీమీటరు చేరిన తరువాత వచ్చే మొత్తం 5.06 సెంటీమీటర్లు మాత్రమే. అదే సమయంలో గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి ఆ బుల్లెట్‌ను 7 సెంటీమీటర్లకు పైగా పక్కకు నెడుతుంది. వెయ్యి గజాల పోటీల్లో కాల్చేవారి లెక్క వేరు, అక్కడ ఆ పది మీటర్ల తేడాయే దాదాపు అడుగు ఎత్తున తప్పుగా తేలుతుంది. వేటగాడు వారి అలవాటును అరువు తెచ్చుకున్నాడే తప్ప వారి అవసరం అతనికి లేదని నా అభిప్రాయం.

ఈ అలవాటును మూడు గుండ్ల పరీక్ష మరింత పెంచుతుంది. ఒక పాళ్లలో కట్టిన మూడు తూటాలు కాగితం మీద ఒకేచోట పడగానే అదే శ్రేష్ఠమని నిశ్చయించుకుంటారు. చెదురు ఎంతో తెలియడానికి మూడు గుండ్లు చాలా తక్కువ; అవే తూటాలతో మరో మూడు కాలిస్తే రంధ్రాల మధ్య దూరం రెట్టింపైనా ఆశ్చర్యపడనవసరం లేదు.

అలాగని తూకం అనవసరం కాదు, దాని అసలు పని గురిలో కాక భద్రతలో ఉంది. ఈ తూటాకు అమెరికా పరిశ్రమ నిర్ణయించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు, అంటే వాతావరణ పీడనానికి నాలుగు వేల రెట్లు. నైట్రోసెల్యులోజ్ మందు చుట్టూ పీడనం పెరిగేకొద్దీ మరింత వేగంగా కాలుతుంది, వేగంగా కాలినకొద్దీ పీడనం ఇంకా పెరుగుతుంది. అందుకే కొంచెం ఎక్కువైన మందు ఫలితం కొంచెంగా ఉండదు. తయారీదారుల పట్టికలో ఉన్న కనిష్ఠ మోతాదు నుంచే మొదలుపెట్టాలన్న నియమం ఇందువల్లే ఏర్పడింది.

ఆ పీడనాన్ని మొదట ఎదుర్కొనేది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి గొట్టం. పేలిన క్షణంలో దాని పైభాగం ఉబ్బి చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడను పట్టుకుంటుంది, అడుగుభాగాన్ని మాత్రం పీడనం వెనక్కి నెడుతుంది. ఈ రెండింటి మధ్య గొట్టం గోడ సాగి పలచబడుతుంది. పలుమార్లు వాడిన గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూస్తే, అడుగుకు కాస్త పైన గోరుతో గీసినట్టు మెరిసే ఒక వలయం కనిపించవచ్చు. కొస వంచిన సన్నని తీగను లోపల పెట్టి పైకి లాగినప్పుడు అది అక్కడ చిన్న గాడిలో తట్టుకుంటే, ఆ గొట్టాన్ని పారేయడమే మంచిది, ఎందుకంటే తరువాతి పేలుడులో అది అక్కడే రెండుగా తెగవచ్చు.

ఇత్తడి పగుళ్లలో ఒక రకానికి మన వానాకాలంతో సంబంధం ఉంది. బ్రిటిష్ ఇండియా సైన్యం గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటాలు వర్షాకాలంలో పేల్చకుండానే పగిలేవి. దానికి సీజన్ క్రాకింగ్ అనే పేరు స్థిరపడింది. ఆ సీజన్ మన రుతుపవనాలదే. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తేమతో కలిసి, చల్లగా ఉండగా లాగి తయారుచేసిన ఇత్తడిలో మిగిలిన లోపలి బిగువుకు తోడవడమే కారణమని 1921లో ఇంగ్లండు లోహశాస్త్రజ్ఞులు వివరించారు. మితంగా వేడి చేస్తే ఆ బిగువు సడలుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో గొట్టాలను శుభ్రం చేయవద్దని హ్యాండ్‌లోడర్లను నేటికీ హెచ్చరించడం వెనక ఆ గుర్రపుశాలల అనుభవం ఉంది.

మధ్యస్థ దూరపు వేటలో సొంత తూటా వల్ల నిజంగా దక్కే లాభం బుల్లెట్‌ను ఎంచుకునే స్వేచ్ఛ. తగలగానే మొన విచ్చుకునే బుల్లెట్లకు 1890లలో ప్రపంచమంతటా పేరు తెచ్చింది కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం. యుద్ధంలో వాటి వాడకాన్ని 1899 హేగ్ ప్రకటన నిషేధించింది, కానీ జంతువు బాధపడకుండా త్వరగా చనిపోవాలన్న ఉద్దేశంతో అమెరికాలోని అనేక రాష్ట్రాలు పెద్ద జంతువుల వేటకు అలాంటివాటినే వాడాలంటాయి. ఈ బుల్లెట్ల సీసం చిన్నచిన్న రేణువులుగా కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న కాండర్ రాబందులకు విషమవుతున్నందున, కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు బుల్లెట్లను పూర్తిగా నిషేధించింది.

వాటి స్థానంలో వచ్చిన రాగి బుల్లెట్‌తో ఒక చిక్కు ఉంది. సీసం సాంద్రత 11.3, రాగిది 8.9 కాబట్టి, అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. తూటా మొత్తం పొడవు మారకూడదు కనుక అది గొట్టంలోకి మరింత లోతుగా దిగి, మందు ఉండే చోటును ఆక్రమిస్తుంది, దాంతో పీడనం పెరుగుతుంది. అందువల్ల బరువు సరిపోయిందని సీసపు బుల్లెట్ పట్టికలోని మోతాదును రాగికి వాడకూడదు, తక్కెడ ఎంత నిక్కచ్చిగా తూచినా సరే.