గ్లాస్ సీటే కావాలా? ఐస్ హాకీ మ్యాచ్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

చలికాలం మొదలైతే చాలు, నా ఫోన్‌కి ఒకటే మెసేజ్. "అక్కా, ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు. క్రాకెన్ మ్యాచ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. గ్లాస్ పక్క సీట్లు ఎలా దొరుకుతాయి?" క్రాకెన్ అంటే మా సియాటిల్ ఐస్ హాకీ టీమ్, గ్లాస్ అంటే మంచు మైదానం చుట్టూ ఉండే అద్దం గోడ. వాళ్లాడే క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాలో మ్యాచ్ రోజుల్లో అషర్‌గా, అంటే ప్రేక్షకులకి సీట్లు చూపించే పని చేస్తాను కాబట్టి నా దగ్గరేదో కిటుకు ఉంటుందని వాళ్ల ఆశ. కిటుకేమీ లేదు. మొదటిసారి చూసేవాళ్లకి ఆ సీట్లు కొనకండి, అంతే.

అపోహ: ఎంత దగ్గరగా కూర్చుంటే ఆట అంత బాగా కనిపిస్తుంది.

కనిపించదు. రింకు, అంటే ఆ మంచు మైదానం, పొడవు 200 అడుగులు, వెడల్పు 85. బంతి బదులు వాడే పక్ చూస్తే మూడంగుళాల నల్ల రబ్బరు బిళ్ళ. మొదటి వరసలో మీ కళ్లు ఆటగాళ్ల ఎత్తులోనే ఉంటాయి. అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతోందో పది మంది కాళ్ల సందుల్లోంచి వెతుక్కోవాలి. పక్ మీ వైపు బోర్డు (గ్లాస్ కింది గోడ) వారకి వచ్చిందంటే అసలే కనిపించదు. గ్లాస్ మీద పక్‌లు తగిలిన నల్ల మచ్చలు సరేసరి. అంత డబ్బు పోసి కొన్నవాళ్లు చివరికి తలెత్తి స్కోర్‌బోర్డు తెర మీద ఆట చూస్తుంటారు. నేను మాటిమాటికీ చూసే దృశ్యమే ఇది.

మన సినిమా హాళ్లలో నేల టికెట్ చవక, బాల్కనీ ఖరీదు. ఇక్కడ ధరలు తిరగబడ్డాయి గానీ చూపు తిరగబడలేదు.

పోయిన సీజన్‌లో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మెడకి మఫ్లర్ చుట్టుకుని గ్లాస్ పక్కనే కూర్చున్నారు. మొదటి పీరియడ్ అంతా "ఆ బిళ్ళ ఏదిరా?" అనడం, కొడుకు "అదిగో నాన్నా" అనేలోపు అది ఇంకో మూలకి పోవడం. విరామంలో బయటికెళ్లి కాస్త ఆలస్యంగా వచ్చారు. ఆట నడుస్తోందని మెట్ల పై చివరనే ఆపాను. విజిల్ పడి ఆట ఆగాక "ఇక వెళ్లచ్చు బాబాయ్ గారూ" అంటే, "ఉండమ్మాయ్, ఇక్కణ్ణుంచి బాగుంది. వీళ్లు ఆట ఆపకుండానే మనుషుల్ని మార్చేస్తున్నారే!" అన్నారు. ముప్పావు నిమిషానికోసారి ఆటగాళ్లు బెంచీకి పోవడం, కొత్తవాళ్లు దూకడం హాకీకి ప్రాణం. కింద కూర్చున్నంతసేపూ ఆయనకి అది తెలియనే లేదు. పంపక తప్పలేదనుకోండి, దారికి అడ్డం నిలబడనివ్వరు.

కాబట్టి పై అంతస్తులో, గోల్ వెనక మూల వైపు తీసుకోండి. పాస్ ఎటు పోతోందో, ఖాళీ ఎక్కడ తెరుచుకుంటోందో అక్కణ్ణుంచి తెలుస్తుంది. మా దగ్గర పై సీట్లంటే మరీ భయపడక్కర్లేదు.  స్కోర్‌బోర్డు నడిమధ్యన వేలాడదు, రెండు చివర్లా రెండున్నాయి. అందుకని చూపుకి అడ్డం ఉండదు. ఇంకో మాట, శనివారం కన్నా మంగళవారం టికెట్ సాధారణంగా చవక.

గ్లాస్ సరదా తీరాలంటే మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లు చేసే వార్మప్‌కి ముందే రండి. చాలా అరీనాల్లో అప్పుడు పిల్లల్ని కిందికి రానిస్తారు, అక్కడున్న అషర్‌ని అడగండి.

అపోహ: "ఇండియన్లమని చూసే మమ్మల్ని మెట్ల దగ్గర ఆపారు."

ఈ మాట గ్రూపుల్లో తిరుగుతుంటే ఒళ్లు మండుతుంది. ఆట నడుస్తుండగా ఎవరినైనా ఆపుతాం. విజిల్ పడగానే వదులుతాం. కొత్త దేశంలో అందరి ముందూ ఆపితే మనసు చివుక్కుమంటుందని నాకూ తెలుసు. కానీ మీ వెనక క్రాకెన్ జెర్సీ వేసుకుని పాప్‌కార్న్‌తో నిలబడ్డ తెల్లాయన్నీ ఆపాం, చూడండి.

అపోహ: ప్రేక్షకుల ముందు వల ఉందిగా, పక్ మన మీదికి రాదు.

2002లో అమెరికాలోని కొలంబస్‌లో పక్ తగిలి పదమూడేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాతి సీజన్ నుంచి క్రాకెన్ ఆడే లీగ్ ఎన్‌హెచ్‌ఎల్, గోల్స్ వెనక గ్లాస్ పైన వలలు తప్పనిసరి చేసింది. అయితే పక్కవైపుల వల ఉండదు. గట్టి షాట్ గంటకి 160 కిలోమీటర్లు దాటగలదు. పిల్లలతో వస్తే వల వెనకే కూర్చోండి, టెన్షన్ ఉండదు. కాసేపటికి ఆ దారాలు కంటికి ఆనవు కూడా. పక్కవైపు సీటైతే ఆట నడిచేటప్పుడు ఫోన్ జేబులో పెట్టండి.

మిగతావి చకచకా.

గడ్డకట్టే చలి? లేదు, స్వెట్టర్ చాలు. కింది వరసలైతే పల్చటి జాకెట్.

అంతా కొట్లాటలేనా? కొట్టుకుంటే ఇద్దరూ ఐదేసి నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి. ఒక్క కొట్లాటా లేని మ్యాచ్‌లే ఎక్కువ.

అరవై నిమిషాల ఆటే కదా? ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు, మధ్యలో రెండు పెద్ద విరామాలు, పైగా విజిల్ పడ్డప్పుడల్లా గడియారం ఆగుతుంది. రెండున్నర గంటలు లెక్కేసుకోండి. గోల్ పడితే మోగే హారన్‌కి పెద్దవాళ్లే ఉలిక్కిపడతారు, చంటిపిల్లలుంటే చెవులకి ఇయర్‌మఫ్‌లు పెట్టి తీసుకురండి.